చుక్కల సెంటు

ఆర్డిత్ ష్రోయర్ పెళ్లి చేసుకోలేదు. చేసుకోకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. అడిగినవాళ్లు నచ్చలేదు, నచ్చినవాళ్లు అడగలేదు, అంతే. స్కూలు చదువు అయిపోగానే కార్వర్స్ ఫెర్రీ బూట్ల ఫ్యాక్టరీలో పైతోలు కుట్టే మిషను ముందు కూర్చున్న మనిషి, ఫ్యాక్టరీకి తాళం వేసిన రోజునే మళ్లీ లేచింది. ఊళ్లోవాళ్లకి ఆమె గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ ఉండేది కాదు, ఒక్క రాగి డబ్బుల పిచ్చి తప్ప.

ఆ పిచ్చి గుండీల డబ్బాతో మొదలైంది. కొండవతల ఎవరో ముసలి రైతు పోతే ఇంటి సామాను వేలం వేస్తున్నారని వెళ్లి, ఆర్డిత్ ఒక రేకు డబ్బా పాడుకుంది. ఇంటికొచ్చి గుండీలన్నీ బల్లమీద కుమ్మరిస్తే అడుగున గుండీ కానిది ఒకటి కనిపించింది. కోటు గుండీ కంటే కాస్త పెద్దది, ముదురు చాక్లెట్ రంగు. ఒకవైపు జుట్టు విరబోసుకున్న ఆడమనిషి తల, కింద 1794. దేశం పుట్టిన కొత్తలో కొట్టిన రాగి సెంటు, డాలరులో నూరోవంతు నాణెం. దాన్ని బొటనవేలితో రుద్దుతూ ఆ సాయంత్రమంతా అలా కూర్చుండిపోయింది. పొయ్యిమీద సూపు అడుగంటింది.

ఆ యేటి సెంట్లతో ఒక చిక్కుంది. అప్పట్లో టంకశాలలో అచ్చులు చేత్తో చెక్కేవాళ్లు. ఒక అచ్చు పగిలితే ఇంకోటి. చెక్కినప్పుడల్లా ఆ అమ్మ జుట్టు మారిపోయేది. ఒకదాంట్లో పాయలు చెవి మీదికి జారితే, ఇంకోదాంట్లో మెడ వెనక ముడిపడేవి. ఒకదాంట్లో గడ్డం మొనదేలితే, ఇంకోదాంట్లో గుండ్రంగా ఉండేది. అలా ఆ ఒక్క సంవత్సరంలోనే యాభై పైచిలుకు రకాలు. మామూలు మనిషికి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. ఆర్డిత్‌కి మాత్రం ఫ్యాక్టరీలో పక్క మిషన్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ల కంటే ఆ రాగి ముఖాలే బాగా తెలుసు. అన్ని రకాలూ సమకూర్చాలని పట్టుబట్టింది. సెలవులకి ఎక్కడికీ వెళ్లలేదు. చలికోటు మార్చలేదు. జుట్టు నెరిసేసరికి నల్లగుడ్డ పరిచిన ఆమె చెక్క పళ్లెంలో గుంటలన్నీ నిండాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటే చుక్కల సెంటు. దాని వెనకవైపు అంచు చుట్టూ, సూదిమొనతో పొడిచినంత చిన్న చిన్న నక్షత్రాలు వరసగా ఉంటాయి. ఏ పనివాడు, ఏ సరదాకి అలా పొడిచాడో ఎవరికీ తెలీదు. దేశం మొత్తం మీద కూడా తక్కువే. వాళ్ల ఊరున్న లోయ మొత్తానికి ఒక్కటే ఉంది. అది పళ్ల డాక్టరు లూథర్ కెమరర్ దగ్గరుంది.

నెలకో ఆదివారం చర్చి ప్రార్థన అయ్యాక, ఆ చర్చి కిందిగదిలోనే రాగి సెంట్ల వాళ్ల సంఘం కూడేది. అందరూ మగవాళ్లే. ఆర్డిత్ ఒక్కతే ఆడమనిషి. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వినగానే డాక్టరు కుర్చీ వెనక్కి వాల్చి మొదలుపెట్టేవాడు.

"ఏం జోళ్లమ్మా, ఇవాళ ఎవరి జుట్టు పట్టుకొచ్చావ్?"

బూట్ల ఫ్యాక్టరీ కాబట్టి జోళ్లమ్మ. అందరూ నవ్వేవాళ్లు. మెకానిక్ క్లెయిర్ ముసర్ అయితే నవ్వి నవ్వి దగ్గేవాడు. ఆర్డిత్ కూడా నవ్వి ఊరుకునేది. ఎందుకంటే ఆ తర్వాత డాక్టరు జేబులోంచి చిన్న గుండ్రటి డబ్బీ తీస్తాడని ఆమెకు తెలుసు. తీసి, మూత తెరిచి, చుక్కల సెంటు ఆమె అరచేతిలో పెట్టేవాడు. ఆమె భూతద్దంలోంచి ఒక్కొక్క చుక్కనీ చూస్తూ ఉండేది. ఆ అమ్మ చెక్కిలి మీద చిన్న గాటు, మెడ దగ్గర నల్ల మచ్చ. ఆమె చూపు బాగా దిగబడే సమయం చూసి డాక్టరు వేళ్లు ఆడించేవాడు.

"చాల్లే, ఇటిచ్చెయ్. అరిగిపోతుంది."

ఆయనకు మిగతా రకాల మీద ఏ ఆశా లేదు. పట్టుమని పది సెంట్లు కూడా లేవు ఆయన దగ్గర. తనకున్నది ఇంకొకరికి లేకపోవడమే ఆయనకు ఇష్టం. ఆర్డిత్ ఎన్నిసార్లు ఎన్ని విధాల అడిగినా, "చూద్దాం, నువ్వు బుద్ధిగా ఉంటే" అనేవాడు, కుర్చీలో నోరు తెరవనని మొండికేసే పిల్లలతో అన్నట్టు.

ఇలా ఏళ్లు గడిచాక, ఒక వసంతకాలం ఆదివారం సంఘంవాళ్ల ఏడాది విందు జరిగింది. భార్యలు కూడా వచ్చారు. పందితొడ మాంసం, వేడి నూనె పోసిన డాండెలియన్ ఆకుకూర, షూఫ్లై పై అనే బెల్లపు తీపి వంటకం. తిళ్లు అయ్యాక డాక్టరు లేచి నిలబడి గ్లాసు మీద చెంచాతో కొట్టాడు.

"ఆర్డిత్, ఒకసారి ఇలా రా అమ్మా."

ఆయన ఆమెను పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. చేతులు తుడుచుకుంటూ వెళ్లింది.

"నాకు పిల్లల్లేరు. వయసు మీదపడింది" అన్నాడు డాక్టరు, గొంతు కాస్త దించి. "రేపు నేను పోతే ఇది ఎవడో దారినపోయేవాడి చేతిలో పడడం నాకిష్టం లేదు. నీకు లోటు ఇదొక్కటే కదా. తీసుకో."

గాజుమూత డబ్బీలో చుక్కల సెంటు. చెక్కిలి మీద గాటు, మెడ దగ్గర మచ్చ.

 ఆర్డిత్ ముందు తల అడ్డంగా ఊపింది. తర్వాత డబ్బీని రెండు చేతులతోనూ గుండెకు అదుముకుని, అంతమంది ముందు, ఫ్యాక్టరీలో వేలికి సూది దిగినప్పుడు కూడా కన్ను తడవని మనిషి, వెక్కివెక్కి ఏడ్చింది. వంగి డాక్టరు చెయ్యి ముద్దుపెట్టుకుంది.

"మా నాన్న పోయినప్పుడు కూడా ఇలా ఏడవలేదు డాక్టరుగారూ. మిమ్మల్ని ఏమేమో అనుకున్నాను. నన్ను క్షమించండి. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

 ముసర్ నేప్‌కిన్ నోట్లో కుక్కుకున్నాడు. ఆర్డిత్ అది చూసింది గానీ, అతనికీ ఏడుపొస్తోంది కాబోలనుకుంది.

"అలా గాజు కింద పెట్టి చూస్తే ఏం తెలుస్తుంది?" అన్నాడు డాక్టరు మెల్లగా. "బయటికి తియ్యి. అంచు చూడు."

తీసింది. ఆ సెంట్ల అంచు మీద, చుట్టూ, నూరు కలిస్తే ఒక డాలరని అక్షరాలు చెక్కి ఉంటాయి. దీని అంచు మీద అక్షరాల్లేవు. వెంట్రుకంత గీత ఒకటి చుట్టూ తిరిగి వచ్చింది. రెండు పల్చటి రాగి రేకుల్ని మధ్యలో సీసం పోసి అతికించిన గీత.

"పళ్లసెట్టు అచ్చు తీసే మైనంతోనే తీశాను జోళ్లమ్మా!" అని డాక్టరు బల్ల చరిచాడు. "ఇన్నేళ్లలో జనం నోళ్లల్లో తీసిన అచ్చులన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు!"

అప్పుడు గదంతా పగలబడి నవ్వింది. ముసర్ చేతిలో కాఫీ ఒలికి చొక్కా మీద పడింది. "చెయ్యి కూడా ముద్దుపెట్టుకుందిరోయ్!" అని ఎవరో అరిచారు. భార్యలు కూడా నవ్వారు, మొగుళ్లు నవ్వుతున్నారని. నవ్వనిది ఒక్కరే. డాక్టరు భార్య నయోమీ. ఆవిడ లేచి, కొక్కేనికి తగిలించిన ఆర్డిత్ కోటు తెచ్చి భుజాల మీద కప్పింది.

"లూథర్, నువ్వింత నీచుడివని ఇన్నేళ్లు కాపురం చేసినా నాకు తెలియలేదు" అంది. తర్వాత ఆర్డిత్ వైపు తిరిగి, "పద తల్లీ, బయటికి పోదాం. నేనూ వస్తాను."

"వద్దండి" అంది ఆర్డిత్. మెట్ల దగ్గర ఆగింది. "దీన్ని నదిలో పారేస్తాను."

"పారెయ్! చేపలు కూడా నవ్వుకుంటాయి" అన్నాడు డాక్టరు.

చొక్కా ఆరబెట్టుకోవడానికి బయటికొచ్చిన ముసర్, ఆమె చర్చి ముందున్న వంతెన మీద నిలబడి చెయ్యెత్తి విసరడం, నీళ్లలో ఏదో పడి మెరవడం కళ్లారా చూశాడు. లోపలికి వెళ్లి అందరికీ చెప్పాడు. కానీ ఆమె విసిరింది ఉత్త డబ్బీ. రాగి బిళ్ల ఆమె చేతితొడుగులోనే ఉండిపోయింది. ఎందుకు ఉంచుకుందో ఆమెకే తెలీదు. నకిలీదైనా ఆ చెక్కిలి, ఆ చుక్కలు చేతినిండా ఉన్నాయి. ఇంటికెళ్లి దాన్ని దారపుకండెల పెట్టెలో అడుగున పడేసింది.

సంఘానికి వెళ్లడం మానలేదు. మానేస్తే ఏడ్చి పారిపోయిందంటారు. పైగా ఆ జుట్టు పాయల గురించి మాట్లాడుకోవడానికి ఆమెకు లోకంలో వేరే చోటు లేదు. ఆమె మెట్లు దిగుతుంటే డాక్టరు ఇప్పుడు కొత్తపాట అందుకునేవాడు.

"ఏం జోళ్లమ్మా, నదిలో చుక్కలు పొడిచాయా?"

అలా రెండేళ్లు. మూడో ఏడు మంచు కురిసే రోజుల్లో, గేరేజీ ముందు పార పట్టుకుని మంచు ఎత్తుతూ డాక్టరు కుప్పకూలిపోయాడు. ఆర్డిత్ అంత్యక్రియలకు వెళ్లింది. ముసర్ పక్కన నిలబడి కీర్తన పాడింది. పెట్టెను గోతిలోకి దింపుతున్నప్పుడు ఆమె మనసులో ఉన్న ఆలోచన ఒక్కటే. సెంటు ఎక్కడుంది?

మంచు కరిగాక నయోమీ తనే ఆర్డిత్ గుమ్మంలోకి వచ్చింది. ఒక చేతిలో ఆపిల్ పై, ఇంకో చేతిలో చెక్కపెట్టె.

"లూథర్ సెంట్లు కాలేజీ మ్యూజియానికి ఇచ్చేద్దామనుకుంటున్నాను" అంది, కుర్చీలో కూర్చుంటూనే. "గాజు అరలో పెట్టి, కింద ఆయన పేరుతో ఇత్తడి పలక బిగిస్తామన్నారు. ఆయన ఎలాంటివాడో నాకు తెలుసమ్మా. కానీ నా మొగుడు. ఏదో ఒకచోట ఆయన పేరు మంచిగా ఉండాలి కదా. వీటిని కాస్త వరసలో సర్దిపెట్టు. ఏది ఏదో నాకు తెలీదు."

"ముసర్‌ని అడగలేకపోయారా?"

"ఆ నవ్వినవాళ్లెవరినీ అడగను" అంది నయోమీ. "నా చెల్లెలి దగ్గరికి ఒహాయో వెళ్తున్నాను, వారం రోజులు. వచ్చాక తీసుకెళ్తాను. నీ దగ్గరుంటే నాకు బెంగ లేదు."

ఆవిడ కారు మలుపు తిరిగేదాకా ఆర్డిత్ కిటికీ దగ్గరే నిలబడింది. తర్వాత పెట్టె తెరిచింది. నూలుగుడ్డ సంచిలోంచి చుక్కల సెంటు తీసి, ముందుగా అంచు చూసింది. అక్షరాలున్నాయి. అరిగి, బొటనవేలికి మాత్రమే తెలిసేలా, చుట్టూ ఉన్నాయి.

తన చెక్కపళ్లెం తెచ్చి, ఖాళీగా ఉన్న ఆ ఒక్క గుంటలో పెట్టింది. ఎలా ఉంటుందో చూద్దామని. అంతే, చూసి తీసేద్దామని. పళ్లెం నిండింది. ఆమె దాని ఎదురుగా కూర్చుంది. ముఖాలన్నీ వరసలుగా ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఆమెకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. ఎన్నేళ్లుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. రేపు తీసేస్తానులే అనుకుంది.

మర్నాడు తీయలేదు. ఆ మర్నాడు తీయబోయి, గోరు ఆనగానే ఆగిపోయింది. వారం చివరికి వచ్చేసరికి ఆమె మనసు వేరే విధంగా మాట్లాడడం మొదలుపెట్టింది. అందరి ముందూ ఆయన నాకిచ్చాడు. "తీసుకో" అన్నాడు. నేను చెయ్యి ముద్దుపెట్టుకుని మరీ తీసుకున్నాను. ఇది నాదే. ఆ మాట నాలుగైదుసార్లు పైకే అంది, వంటింట్లో ఒక్కతే. నయోమీ రేపు వస్తుందనగా దారపుకండెల పెట్టె తెరిచి, అడుగునున్న నకిలీని తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, నూలుసంచిలో పెట్టి ముడివేసింది. అదే గాటు, అదే మచ్చ.

"ఎంత చక్కగా సర్దావమ్మా!" అంది నయోమీ మర్నాడు, పెట్టె చూసి. ఆర్డిత్‌ని దగ్గరికి తీసుకుని బుగ్గ మీద ముద్దుపెట్టింది. "లూథర్ బతికుండగా నీకు క్షమాపణ చెప్పించలేకపోయాను. ఆ లోటు నాకు ఎప్పుడూ ఉంటుంది."

"పాత సంగతులు ఎందుకులెండి" అంది ఆర్డిత్. గొంతు మామూలుగానే వచ్చింది.

మ్యూజియంవాళ్లు ఇత్తడి పలక చేయించారు. సెంట్లను పరీక్షించడానికి ఫిలడెల్ఫియా నుంచి ఒక మనిషిని పిలిపించారు. ఆయన చుక్కల సెంటును సంచిలోంచి తీసి, వేళ్ల మధ్య ఒక్కసారి తిప్పి, పక్కన పెట్టేశాడు. నయోమీ అక్కడే, మంచి టోపీ పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆయన చాలా మర్యాదగానే చెప్పాడు" అంది నయోమీ, ఆ సాయంత్రం ఆర్డిత్ వంటింట్లో. టోపీ ఇంకా తీయలేదు. "ఇది రెండు రేకులమ్మా, అతికించారు, అన్నాడు. నేను నవ్వాను. మా ఆయన అలాంటిది ఒకటి వేళాకోళానికి చేశాడండీ, అది నదిలో పోయింది, ఇది అసలుది అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. పలక వెనక్కి తీసుకెళ్లమన్నారు. కారులో ఉంది. ఏం చెయ్యను దాన్ని?"

ఆర్డిత్ కాఫీ పోసింది. ఆమె చేతులు స్థిరంగా ఉన్నాయి.

ఆ నెల సంఘంలో ఇదే మాట. నయోమీ కూడా వచ్చింది, ఎవరికైనా ఏమైనా తెలుసునేమోనని. ముసర్ తొడ చరిచాడు.

"ఒకటి కాదు, రెండు చేశాడన్నమాట! అసలుది ఎప్పుడో అమ్మేసుకుని, మన ముక్కు కింద నకిలీ తిప్పాడు. వారెవ్వా, డాక్టరూ!"

"అమ్మిన డబ్బు ఏం చేశాడంటావ్?" అన్నాడు వేన్ డైబర్ట్. ఇతను పోస్టాఫీసులో పనిచేసి మానేసినవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. అంటూనే ఆర్డిత్ వైపు తిరిగాడు. "ఆర్డిత్, అడుగుతున్నానని ఏమీ అనుకోకు. ఆ పెట్టె వారం రోజులు నీ దగ్గరుంది కదా. ఆ రోజు డాక్టరు నీకిచ్చిన బిళ్ల…"

ఆర్డిత్ నోరు తెరవకముందే నయోమీ లేచింది. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి, బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని వణికిపోతూ నిలబడింది.

"సిగ్గులేదా నీకు? ఆ రోజు ఈ పిల్ల ఏడుస్తుంటే నువ్వు పై తింటూ నవ్వావు. ఇప్పుడు దొంగతనం కూడా అంటగడతావా? మీ అందరిలోకీ నీతి గల మనిషి ఎవరైనా ఉంటే అది ఈమే. క్లెయిర్, చెప్పు! ఆమె నదిలో విసరడం నువ్వు చూడలేదూ?"

"చూశాను" అన్నాడు ముసర్. "బైబిల్ మీద చెయ్యేసి చెప్తాను. నీళ్లలో పడ్డ చప్పుడు కూడా విన్నాను."

డైబర్ట్ ముఖం ఎర్రబడింది. "తప్పయిపోయింది ఆర్డిత్" అన్నాడు.

"పరవాలేదు" అంది ఆర్డిత్.

ఆ తర్వాత మగవాళ్లు డాక్టరు మీద పడ్డారు. ఆయన ఎలా కుర్చీ వాల్చేవాడో, ఎలా వేళ్లు ఆడించేవాడో ముసర్ చేసి చూపించాడు. "అరిగిపోతుంది, ఇటిచ్చెయ్! రేకు కదా మరి, అరిగిపోదూ!" అందరూ పగలబడి నవ్వారు. ఆర్డిత్ కూడా నవ్వింది. మనస్ఫూర్తిగా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ నవ్వు ఎంత తియ్యగా ఉందో చెప్పలేం. నవ్వుతూ అటు చూస్తే, బల్ల చివర నయోమీ ఒళ్లో చేతులు పెట్టుకుని తలవంచుకు కూర్చుని ఉంది. ఆవిడ కోటు కొక్కేనికి వేలాడుతోంది. ఆర్డిత్ కుర్చీలోంచి లేవలేదు.

ఆ ఎండాకాలం నయోమీ ఆర్డిత్ ఇంటికి తరచూ రావడం మొదలుపెట్టింది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేది. బీన్స్, జామ్, సొంతంగా కుట్టిన మసిగుడ్డలు. కూర్చుని డాక్టరు గురించే మాట్లాడేది. మొదట్లో ఆయన్ని వెనకేసుకొచ్చేది. తర్వాత అడగడం మొదలుపెట్టింది, ఆర్డిత్‌ని కాదు, తనను తానే. ఎందుకు అమ్మాడు? మా ఇద్దరికీ లోటేమీ లేదే. నాకు చెప్పకుండా ఆ డబ్బు ఎవరికిచ్చాడు?

ఒక రోజు మధ్యాహ్నం గిన్నెలు తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

"ప్రతి అక్టోబరు ఫిలడెల్ఫియా వెళ్లేవాడు. పళ్ల డాక్టర్ల సమావేశమని. నన్నొక్కసారి కూడా తీసుకెళ్లలేదు" అంది. "ఆర్డిత్, నాతో నిజం చెప్పు. సంఘంలో మగాళ్లు నా వెనక ఏదైనా అనుకునేవాళ్లా? ఆయనకు ఎవరైనా ఉన్నారా?"

ఆర్డిత్ చేతులు సబ్బునీళ్లలో ఉన్నాయి. పళ్లెం ముందుగది బీరువాలో, తాళం వేసి ఉంది. నాలుగడుగులు వేసి తాళం తీస్తే చాలు. ఉత్తగా "లేరు" అన్నా చాలు. ఆమెకు డాక్టరు కుర్చీ వాల్చడం గుర్తొచ్చింది. ఆ మనిషిని ఇంకా కొంచెం, ఇంకా లోతుగా పాతిపెట్టాలనిపించింది.

"మగవాళ్ల సంగతి మనకేం తెలుస్తుంది నయోమీ" అంది.

 నయోమీ గుడ్డ మడిచి పొయ్యి కమ్మీ మీద ఆరేసింది. మడత సరిగ్గా రాలేదని మళ్లీ విప్పి మడిచింది.

ఆ మాట అంటున్నప్పుడు తన నోరు ఆవగింజంతైనా తడబడలేదని ఆర్డిత్‌కి తర్వాత స్ఫురించింది. స్ఫురించి, కాసేపు తన చేతుల వంక తాను భయంగా చూసుకుంది. రేపు చెప్పేస్తాననుకుంది. కానీ చెప్పాలంటే అన్నీ చెప్పాలి. సంచి, వారం రోజులు, ముసర్ విన్న చప్పుడు, బల్ల పట్టుకుని వణుకుతూ నయోమీ అన్న మాటలు. రోజులు గడిచేకొద్దీ చెప్పాల్సింది పెరుగుతూనే పోయింది.

చలికాలం రాకముందే నయోమీ ఇల్లు అమ్మేసి ఒహాయోలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు డాక్టరు భూతద్దాలు, సెంట్ల మీద దుమ్ము దులిపే ఒంటెవెంట్రుకల కుంచెలు తెచ్చి ఆర్డిత్ చేతిలో పెట్టింది.

"నీకైనా పనికొస్తాయి. నీ సెంటు కూడా నీకు దొరకాలని కోరుకుంటాను, నిజంగా."

సంఘంలో ఆర్డిత్‌కి ఇప్పుడు మంచి గౌరవం. జోళ్లమ్మ అనేవాళ్లు ఎవరూ లేరు. కొత్తగా చేరినవాళ్లకి ఆమెను చూపించి, "ఈవిడకి ఒక్కటే తక్కువ" అని చెప్పేవాళ్లు. ఏడాది విందులో ఆమె పళ్లెం తెచ్చి బల్లమీద పెట్టమని అడిగితే, చుక్కల సెంటును ఇంట్లో వదిలి, ఒక గుంట ఖాళీగా తెచ్చేది. ఆ గాటు, ఆ మచ్చ ఆ గదిలో ప్రతి కంటికీ తెలుసు. దేశంలో ఏ మూలకు వెళ్లి చూపించినా, ఎవరో ఒకరు "ఇది కెమరర్‌ది కదూ" అనేస్తారు. ముసర్ ఆమె భుజం తట్టి, "బెంగపడకు, దొరక్కపోదు" అనేవాడు. "దొరుకుతుందిలే" అనేది ఆమె. ఇంటికెళ్లి, తెరలు దించి, సెంటును గుంటలో పెట్టి చూసుకునేది. మొదట్లో ప్రతిరోజూ చూసుకునేది. తర్వాత్తర్వాత విందులకి తీసి పెట్టడానికి తప్ప బీరువా తెరవడం తగ్గిపోయింది. ఆ ముఖం కనిపిస్తే కుర్చీ వాల్చిన చప్పుడు వినిపించేది, దాని వెనకే బల్ల చివర వంచుకున్న తల కనిపించేది.

నాలుగేళ్ల తర్వాత ఒహాయో నుంచి ఫోను వచ్చింది. గొంతు గుర్తుపట్టడానికి ఆర్డిత్‌కి కొంచెం సేపు పట్టింది.

"క్యాన్సరు లివరంతా పాకిందట" అంది నయోమీ. "ఎన్నాళ్లో ఉండను. నీతో ఒక పని ఉంది తల్లీ. నాకంటూ అక్కడ మిగిలిన నమ్మకస్తురాలివి నువ్వే."

"చెప్పండి."

"లూథర్ సమాధిరాయి మీద నా పేరు కూడా చెక్కించి పెట్టాం, గుర్తుందా? ఆయన పేరు పక్కనే, పుట్టిన సంవత్సరం వేసి, పోయిన సంవత్సరం ఖాళీ ఉంచి. అది తీయించెయ్. నన్ను ఇక్కడే, మా చెల్లెలి వాళ్ల స్థలంలో పెడతారు. ఆ మనిషి పక్కన పడుకోను. ఎవరి కోసం అమ్మాడో వాళ్లనే పడుకోమను." కాసేపు ఊపిరి తీసుకుంది. "శ్మశానంవాళ్లు ఒప్పుకున్నారు. ఎవరో ఒకరు దగ్గరుండి చూడాలట."

ఆర్డిత్ ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "నయోమీ" అంది.

"ఏమ్మా?"

అవతల ఎవరో మందు గ్లాసు తెచ్చినట్టు చప్పుడైంది. నయోమీ ఓపిగ్గా ఎదురుచూసింది.

"అలాగే, చేయిస్తాను" అంది ఆర్డిత్.

గడ్డి అప్పుడే కోసిన ఒక పొద్దున ఆమె కొండ మీది శ్మశానానికి వెళ్లింది. రాతిపనివాడు ముందే వచ్చి మిషనుకు తీగ తగిలిస్తున్నాడు. వయసులో ఉన్నవాడు, వేరే ఊరివాడు. పేరు పూర్తిగా పోవాలంటే అక్కడ రాయి గుంటపడుతుందనీ, ఎంత నున్నగా చేసినా మచ్చ కనబడుతూనే ఉంటుందనీ చెప్పాడు.

"పరవాలేదు" అంది.

నయోమీ పేరు మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. తెల్లటి పొడి ఎగిరి ఆమె కోటు మీద, పెదవుల మీద పడింది. పక్కకు జరగమన్నాడు. ఆమె జరగలేదు. సగం పేరు పోయాక చేతులు నొప్పిపుట్టి, అతను మిషను ఆపి నుదురు తుడుచుకున్నాడు.

"ఇలాంటి పని నేనెప్పుడూ చెయ్యలేదండీ" అన్నాడు. "పోయాక కూడా విడిపోవాలనుకున్నారంటే, ఏదో పెద్ద తప్పే జరిగుండాలి. ఎవరిదండీ తప్పు? ఈయనదేనా?"

ఆర్డిత్ రాయి వంక చూసింది. లూథర్ కెమరర్ అన్న అక్షరాలు కొత్తవాటిలా పదునుగా ఉన్నాయి.

"ఈయనదే" అంది.

అతను తల ఊపి, కళ్లద్దాలు సరిచేసుకుని, మిషను మళ్లీ అందుకున్నాడు.